ఉక్కు మనది, మష్టు ఎవరిది?

విజయవాడ వన్ టౌన్‌లో తెల్లారేసరికి వినబడే కేకల్లో ఒకటి, పాత ఇనప సామాన్లు కొంటామంటూ తోపుడు బండి వాళ్ళు వేసే కేక. తుప్పు పట్టిన కిటికీ ఊచలు, కాలు విరిగిన కుర్చీలు, చిల్లు పడిన రేకు డబ్బాలు ఆ బండి ఎక్కుతాయి. బండి నుంచి పాతినప కొట్టుకు, కొట్టు నుంచి లారీకి, అక్కడి నుంచి ఏదో ఊళ్ళోని కొలిమికి చేరతాయి. కొన్నాళ్ళకు ఆ ఇనుమే కొత్త ఊచలై తిరిగొస్తుంది. మన ఇళ్ళ స్లాబుల్లో, మన మందిరాల స్లాబుల్లో ఉన్నది అలాంటి ఇనుమో, విశాఖ నుంచి వచ్చిన ఉక్కో అయి ఉంటుంది.

మందిర నిర్మాణానికి పూనుకున్న ప్రతి సంఘానికీ టన్ను ఊచల ధర తెలుసు. ఒక కుటుంబం పది బస్తాల సిమెంటు, మరో కుటుంబం క్వింటా ఇనుము అని కానుకలు రాయించుకోవడం మన సంఘాల్లో మామూలే. పునాది రోజున ఆ ఊచల చుట్టూ నిలబడి ప్రార్థన చేస్తాం. అయితే ఆ ఉక్కు తయారైనప్పుడు దానితోపాటు కొలిమి లోంచి బయటికొచ్చిన మిగతాది ఎక్కడికి పోయిందని ఏ సంఘమూ అడిగినట్టు మాకు గుర్తు లేదు. మేమూ ఇంతవరకు అడగలేదు. ఈ వారం ఆ ప్రశ్న అడగాలనుకుంటున్నాం.

బైబిలు చదివేవారికి 'మష్టు' అనే మాట కొత్తది కాదు. యెహెజ్కేలు గ్రంథం 22వ అధ్యాయంలో ప్రవక్త ఇత్తడి, తగరం, ఇనుము, సీసం పేర్లు వరుసగా చెప్పి, దేవుని ప్రజలనే కొలిమిలో మిగిలిన మష్టుతో పోలుస్తాడు. ప్రసంగాల్లో ఆ మాటను పాపానికి గుర్తుగా చెప్పుకుంటాం. అది సరైనదే. కానీ మష్టు నిజంగా ఒక పదార్థం. దానికి బరువుంది, వాసనుంది, కొన్నిసార్లు విషమూ ఉంది. కొలిమి నుంచి తీసేసినంత మాత్రాన అది లోకం నుంచి పోదు. ఎవరో ఒకరి పొలం పక్కకో, ఎవరో ఒకరి బావి పక్కకో చేరుతుంది.

కొలిమి నుంచి ఏం వస్తుంది?

ఉక్కు కర్మాగారం వ్యర్థాలన్నీ ఒకే రకం కావు. మన దేశంలో ఖనిజం నుంచి ఇనుము తీసేటప్పుడు టన్నుకు దాదాపు 300 నుంచి 400 కిలోల స్లాగ్ వస్తుంది. పల్లెల్లో కమ్మరి కొలిమి దగ్గర దీన్నే చిట్టెం అనేవారు. కరిగి ఉన్నప్పుడే దాన్ని నీళ్ళతో చల్లార్చి ఇసుకలా చేస్తే సిమెంటు కర్మాగారాలు కొనుక్కుంటాయి. మనం ఇళ్ళకు వాడే స్లాగ్ సిమెంటు అదే. ఉక్కు తయారీ దశలో వచ్చే స్లాగ్‌ను రోడ్లకు వాడవచ్చు. గుజరాత్‌లోని సూరత్ దగ్గర హజీరాలో 2022లో అలా ఒక రోడ్డు వేశారు. అంటే మష్టులో చాలా భాగం బుద్ధి పెట్టి వాడుకుంటే సరుకే.

మిగిలిన కొద్ది భాగంతోనే అసలు చిక్కు. బొగ్గును కోక్‌గా మార్చే బట్టీల దగ్గర తారు బురద మిగులుతుంది. దానిలో క్యాన్సర్ కలిగించే రసాయనాలు ఉంటాయి. ఉక్కు రేకుల మీద తుప్పు వదిలించడానికి వాడిన ఆమ్లం చివరికి లోహాలు కలిసిన ఆమ్లపు నీరుగా మిగులుతుంది. పాత ఇనుమును విద్యుత్ ఆర్క్ కొలిమిలో కరిగించినప్పుడు పొగతోపాటు సన్నని ధూళి లేస్తుంది. టన్ను ఉక్కుకు 10 నుంచి 20 కిలోల దాకా వచ్చే ఆ ధూళిలో జింకుతోపాటు సీసం, కాడ్మియం ఉంటాయి. మన పాత కిటికీకి వేసిన రంగు, పాత రేకుకు పూసిన జింకు పూత ఆ ధూళిలోకే చేరతాయి. అమెరికా ప్రభుత్వం ఈ ధూళిని ప్రమాదకర వ్యర్థాల జాబితాలో పేరు పెట్టి చేర్చింది.

వీటికీ దారులు లేకపోలేదు. తారు బురదను మళ్ళీ బొగ్గులో కలిపి బట్టీలోకే పంపవచ్చు. వాడిన ఆమ్లం నుంచి నీటి శుద్ధికి పనికొచ్చే ఫెర్రిక్ క్లోరైడ్ తీయవచ్చు. ధూళి నుంచి జింకు తీయవచ్చు. తీయలేనిదాన్ని సున్నం, సిమెంటు లాంటి వాటితో గట్టిపరచి, అడుగున బంకమట్టి, మందమైన ప్లాస్టిక్ పొరలు పరచిన గోతిలో పూడ్చవచ్చు. ఆ గోతి నుంచి ఊరే మురుగును పట్టి శుద్ధి చేయాలి, చుట్టూ బోర్లు వేసి భూగర్భ జలాన్ని దశాబ్దాల పాటు పరీక్షిస్తూ ఉండాలి. విశాఖ ప్రాంతంలో పరవాడ ఫార్మాసిటీ దగ్గర అలాంటి శుద్ధి, పూడ్చివేత కేంద్రం ఉంది. ఇదంతా ఖర్చుతో కూడిన పని. రాత్రిపూట ఒక లారీని ఏ వాగు గట్టునో ఖాళీ చేయడం చవక. ఈ రెండు ధరల మధ్య ఉన్న తేడాయే నేరానికి పుట్టిల్లు. ఆ తేడాను పూడ్చడానికే చట్టం.

చట్టం ఏం చెబుతోంది?

1984 డిసెంబరులో భోపాల్ విషవాయువు వేలమందిని చంపిన తర్వాత, 1986లో దేశానికి పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కింద 1989లో మొదటిసారి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు చేశారు. ఇప్పుడు అమలులో ఉన్నవి 2016 నాటివి. వాటి సారం ఇది: వ్యర్థం పుట్టిన చోటు నుంచి పూడ్చే చోటు దాకా ప్రతి అడుగుకూ ఒక బాధ్యుడు ఉండాలి, ప్రతి అడుగుకూ ఒక కాగితం ఉండాలి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేకుండా ఆ వ్యర్థాన్ని ముట్టుకోకూడదు. మామూలుగా 90 రోజులకు మించి కర్మాగారంలో నిల్వ ఉంచకూడదు. లారీ గేటు దాటితే దానితోపాటు ఒక పత్రం ఏడు ప్రతుల్లో, ఏడు రంగుల్లో నడవాలి. పంపినవారికి ఒకటి, మోసినవారికి ఒకటి, పుచ్చుకున్నవారికి ఒకటి, మండలికి ఒకటి, అలా. ఏటా జూన్ 30 లోపు ప్రతి కర్మాగారం ఎంత వ్యర్థం పుట్టింది, ఎక్కడికి పోయింది అన్న లెక్క మండలికి అప్పగించాలి.

లేవీయకాండము 6వ అధ్యాయంలో దహనబలి గురించి ఒక చిన్న నియమం ఉంది. దాని మీద ప్రసంగం విన్నవారు తక్కువ. బలి దహించిపోయాక యాజకుడే బూడిద ఎత్తి బలిపీఠం పక్కన పెట్టాలి. తర్వాత వస్త్రాలు మార్చుకుని, ఆ బూడిదను పాళెం వెలుపల పవిత్ర స్థలానికి తానే మోసుకుపోవాలి. అగ్ని ఆరాక పని అయిపోయిందని అనుకోవడానికి వీల్లేదు. బూడిదను ఏదో ఒక మూల పారబోయడానికీ వీల్లేదు, దానికో స్థలం ఉంది. బలిపీఠం నుంచి ఆ స్థలం దాకా బాధ్యుడు ఎవరో దేవుడు పేరు పెట్టి చెప్పాడు. 2016 నిబంధనలు చెప్పేది కూడా అదే సూత్రం. కాబట్టి మన పేచీ చట్టం ఉద్దేశంతో కాదు. గేటుకూ గోతికీ మధ్య ఉన్న దారితోనే మన పేచీ.

దారిలో ఎక్కడ తెగుతోంది?

మొదటిది జాబితా. స్లాగ్, థర్మల్ బూడిద వంటివాటిని 2016 నిబంధనలు ప్రమాదకర వ్యర్థాల వర్గం నుంచి మినహాయించాయి. పరిమాణం ఎక్కువ, హాని తక్కువ అన్నది అందుకు చెప్పిన కారణం. విడి గుట్టను చూస్తే ఆ మాట నిజమే కావచ్చు. కానీ ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద లారీల వెనక నడిచే మోటారు సైకిలు మనిషిని అడిగితే, ఆ బూడిద చెరువు పక్క ఊళ్ళో బట్టలు ఆరేసే తల్లిని అడిగితే, హాని తక్కువ అన్న మాటకు వాళ్ళు వేరే అర్థం చెబుతారు. ఏ గుట్ట ఏ బావికి ఎంత దూరంలో ఉందన్నది చూడకుండా వస్తువు పేరును బట్టి మాత్రమే హానిని కొలవడం సరిపోదు.

రెండవది కాగితం. ఏడు రంగుల పత్రం మంచి ఏర్పాటే. కానీ ఆ ఏడు ప్రతుల్లో ఒక్కటీ ఆ లారీ దాటిపోయే ఊరి పంచాయతీకి చేరదు. కర్మాగారం, రవాణాదారు, పూడ్చే కేంద్రం, మండలి, ఈ నలుగురే ఆ లెక్కను చూస్తారు. ఆ నలుగురిలో ఎవరి దగ్గరైనా కాగితం పోతే అడిగేవారు లేరు. 2024 జులైలో ఇక్కడే, యనమలకుదురు దగ్గర కృష్ణా కరకట్ట మీద, కాలుష్య నియంత్రణ మండలి దస్త్రాలు రాత్రివేళ తగలబెడుతుండగా పట్టుబడిన సంగతి విజయవాడ వారికి గుర్తుంటుంది. ఆ కాగితాల సంగతి తేల్చవలసింది దర్యాప్తు, న్యాయస్థానాలు. తీర్పు చెప్పడం మా పని కాదు. ప్రజల ఆరోగ్యానికి సంబంధించిన లెక్కలు ఒకే గదిలో, ఒకే బీరువాలో ఉంటే వాటికి అగ్గిపుల్ల ఎంత దగ్గరో ఆ రాత్రి చూపించింది. మాకు అదే ముఖ్యం.

మూడవది శిక్ష. 1986 చట్టం ఉల్లంఘనకు అయిదేళ్ళ దాకా జైలు పెట్టింది. 2023లో పార్లమెంటు చేసిన జన విశ్వాస్ చట్టం ఆ జైలును తీసివేసి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టింది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఇది అమలులోకి వచ్చింది. జరిమానా కట్టకపోతేనే జైలు. దీన్ని సమర్థించేవారి వాదనలో పస లేకపోలేదు. చిన్న పొరపాటుకు కూడా యజమానిని జైలు భయంతో తిప్పితే అది లంచానికి దారి, పైగా జైలు నిబంధన ఉన్న రోజుల్లో కేసులు ఏళ్ళ తరబడి సాగేవి, త్వరగా వేసే జరిమానాయే మేలు అంటారు. జరిమానా త్వరగా, తప్పకుండా పడితే మంచిదే. అయితే ఆ జరిమానా తప్పు విలువకు తగ్గట్టు ఉండాలి. పెద్ద కర్మాగారానికి 15 లక్షలంటే ఎంత? శుద్ధికి అయ్యే ఖర్చు కన్నా జరిమానా తక్కువైతే, అది తప్పు చేయడానికి కట్టే రుసుముగా మారిపోతుంది.

నిర్గమకాండము 21వ అధ్యాయం దీనికి సూటి కొలత ఇస్తుంది. గొయ్యి తవ్వి కప్పకుండా వదిలేసినవాడు, అందులో పొరుగువాడి ఎద్దో గాడిదో పడి చస్తే, దాని పూర్తి వెల ఇచ్చుకోవాలి. శిక్ష గొయ్యి కొలతను బట్టి కాదు, జరిగిన నష్టాన్ని బట్టి. మన సుప్రీంకోర్టు 1996 ఫిబ్రవరిలో ఇదే మాట చెప్పింది. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర బిచ్‌రీ అనే ఊళ్ళో రసాయన కర్మాగారాలు 375 టన్నుల హెచ్ ఆసిడ్ తయారు చేసి 2400 టన్నులకు పైగా బురదను ఆరుబయట వదిలేశాయి. బావుల నీళ్ళు రంగు మారి తాగడానికి పనికిరాకుండా పోయాయి. పాడు చేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలని కోర్టు తీర్పు ఇచ్చింది. అయినా కోర్టు 2011లో మళ్ళీ గట్టిగా ఆదేశించి, 37 కోట్ల రూపాయలకు పైబడిన మొత్తాన్ని చక్రవడ్డీతో కట్టమనవలసి వచ్చింది. తీర్పు వచ్చాక పదిహేనేళ్ళు గడిచాయన్నమాట. ఆ పదిహేనేళ్ళూ ఆ ఊరివాళ్ళు ఏ నీళ్ళు తాగారు?

నాల్గవది పాత గోతులు. భోపాల్ కర్మాగారంలో మిగిలిపోయిన 337 టన్నుల విష వ్యర్థాన్ని అక్కడి నుంచి కదిలించడానికి నలభై ఏళ్ళు పట్టింది. 2025 జనవరిలో దాన్ని పీతంపూర్‌కు తరలిస్తే, మా ఊళ్ళో ఎందుకు కాలుస్తారని అక్కడి ప్రజలు వీధుల్లోకి వచ్చారు. జూన్ ఆఖరుకు కాల్చడం ముగిసింది. ఆ మరుసటి నెలలోనే కేంద్ర ప్రభుత్వం కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. వీటి ప్రకారం జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి అనుమానిత స్థలాల వివరాలు పంపాలి. రాష్ట్ర మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన చేయాలి. కలుషితమని తేలితే బాధ్యులెవరో గుర్తించి ఖర్చు వారిచేత పెట్టించాలి. బాధ్యులు దొరక్కపోతే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు భరించాలి. ఎంతో కాలంగా రావలసిన మంచి నిబంధనలివి. కానీ శుభ్రం చేయడం ఫలానా తేదీ లోపు ముగించాలన్న గడువు వాటిలో లేదు. దేశంలో 103 కలుషిత స్థలాలను గుర్తించగా, శుభ్రపరచే పని మొదలైంది ఏడింటిలో మాత్రమే.

కింద ఉన్నవాళ్ళం మనం

ఉక్కు కొలిమి విశాఖలో ఉంటే కృష్ణా డెల్టా సంఘాలకు ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. రెండు జవాబులు ఉన్నాయి.

ఒకటి, పారే నీళ్ళకు కింద ఉన్నవాళ్ళం మనం. పైన ఎక్కడ ఏం కలిసినా మన కాలువల్లోకే వస్తుంది. 2020 డిసెంబరులో ఇక్కడికి అరవై కిలోమీటర్ల దూరంలోని ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛపోయి ఆసుపత్రుల పాలయ్యారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ నిపుణులు చెప్పారు. పురుగుమందుల మీదా అనుమానాలు వచ్చాయి. పడిపోయినవారిలో చిన్నపిల్లలు ఉన్నారు. అప్పుడు మన సంఘాలు ఉపవాస ప్రార్థనలు చేశాయి. నీళ్ళలోకి, తిండిలోకి విషం ఎలా చేరుతుందన్న ప్రశ్న మాత్రం ఆ కూడికలతోనే ముగిసిపోయింది.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు గట్లు తెగి సింగ్ నగర్, పరిసర కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. బుడమేరు మళ్ళింపు కాలువ వెలగలేరు నుంచి కొండపల్లి, ఇబ్రహీంపట్నం ప్రాంతం మీదుగా వచ్చి బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. అసలు బుడమేరు నగరం పక్కగా కొల్లేరుకు పోతుంది. అంటే ఆ దారి వెంట ఏ పరిశ్రమ ఏ పీపా నిల్వ ఉంచినా, వరద వచ్చినప్పుడు అది చేరేది మనం తాగే నీటికో, మనం తినే చేపకో. 90 రోజుల నిల్వ నిబంధన అన్ని రోజులనూ ఒకేలా చూస్తుంది. వరద ముంపు ప్రాంతంలో ఆగస్టు, సెప్టెంబరు నెలల 90 రోజులు, మార్చి, ఏప్రిల్ 90 రోజులు ఒకటి కావు.

యెహెజ్కేలు 34వ అధ్యాయంలో కొవ్విన గొర్రెల మీద దేవుడు ఒక ఫిర్యాదు చేస్తాడు. తేట నీళ్ళు తాము తాగి, మిగిలిన నీటిని కాళ్ళతో కలక చేస్తే, బక్క గొర్రెలు ఆ బురద నీళ్ళే తాగాల్సి వచ్చిందని. నీళ్ళు అందరివీ అయినా బురద మాత్రం కొందరి వాటా. గోతులు ఎక్కడ తవ్వుతారో చూడండి. నగరం నడిబొడ్డున తవ్వరు. మాట చెల్లని ఊళ్ళ పక్కన, జాలరిపేటల పక్కన, దళిత వాడల పక్కన తవ్వుతారు. మన సంఘాల్లో చాలామంది ఇళ్ళు అక్కడే ఉన్నాయి.

రెండవ జవాబు, ఆ ఉక్కు మనది. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 1966లో రాష్ట్రమంతా లేచినప్పుడు విజయవాడ కూడా లేచింది. ఆ పోరాటంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన కర్మాగారం అది. 2021 జనవరిలో దాన్ని అమ్మాలని కేంద్రం నిర్ణయించినప్పుడు మన సంఘాలు ప్రార్థించాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సాయం ప్రకటించినప్పుడు కృతజ్ఞతలు చెప్పాయి. మన బిడ్డలు అక్కడ పని చేస్తున్నారు. ఆ కొలిమి ఆరిపోవాలని మేము కోరడం లేదు. ఉక్కు మా హక్కు అన్నవాళ్ళం మష్టు మాకు తెలియదు అనలేం. హక్కు అడిగిన నోటితోనే బాధ్యత కూడా అడగాలి.

ఇంకా కొత్త కొలిమిలు రాబోతున్నాయి. కడప జిల్లా సున్నపురాళ్ళపల్లిలో 2023లో భూమిపూజ జరిగింది. అనకాపల్లి జిల్లా నక్కపల్లి తీరాన మరో పెద్ద కర్మాగారం ప్రతిపాదనలో ఉంది. ఉద్యోగాలు వస్తాయంటే సంతోషమే. కానీ గోతి ఎక్కడ, దాని చుట్టూ బోర్ల నీటిని ఎవరు పరీక్షిస్తారు, యాభై ఏళ్ళ తర్వాత ఆ గోతికి ఎవరు కాపలా అన్న మాటలు కొలిమి వెలిగించక ముందే తేలాలి. వెలిగాక అడిగితే జవాబు దొరకదని భోపాల్ నేర్పింది.

మేము కోరేవి

ప్రభుత్వాన్ని మేము కోరేవి నాలుగు. వ్యర్థాల లారీ పత్రం ఒక ప్రతి, పూడ్చే చోటి పంచాయతీకీ, ప్రజలందరూ చూడగలిగే వెబ్‌సైటుకీ చేరాలి. వరద ముంపు ప్రాంతాల్లో వానాకాలానికి నిల్వ గడువు తగ్గించాలి. జరిమానాను కర్మాగారం పరిమాణానికీ, తప్పించుకున్న ఖర్చుకీ తగినట్టు పెంచాలి. పూడ్చే కేంద్రాల చుట్టూ బోర్ల నీటి పరీక్షల ఫలితాలు తెలుగులో పంచాయతీ గోడ మీద పెట్టాలి. వీటిలో ఏదీ పెట్టుబడిని తరిమేసేది కాదు. నిజాయతీగా శుద్ధి చేసే కర్మాగారానికి ఇవి మేలే చేస్తాయి. దొంగచాటుగా పారబోసేవాడు చవకగా అమ్మి దాని పొట్ట కొట్టకుండా ఉంటాడు.

సంఘాలు చేయగలిగినవి కూడా ఉన్నాయి. ప్రమాదకర వ్యర్థాలతో పనిచేసే కర్మాగారం తన దగ్గర ఏం ఉంది, ఎంత వ్యర్థం పుడుతోంది అన్న వివరాలు గేటు బయట బోర్డు మీద చూపాలని సుప్రీంకోర్టు 2003 అక్టోబరులో ఆదేశించింది. పనికి వెళ్ళే దారిలో ఆ బోర్డు ఉందా, అందులో తేదీ తాజాగా ఉందా అని చూడటానికి చదువు, పలుకుబడి అక్కర్లేదు. బోర్డు లేకపోతే, కర్మాగారం ఏటా ఇచ్చే వ్యర్థాల లెక్క ప్రతిని సమాచార హక్కు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలిని అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మండలి ప్రధాన కార్యాలయం మన విజయవాడలోనే ఉంది. కొత్త కర్మాగారానికి ప్రజాభిప్రాయ సేకరణ జరిగేటప్పుడు 30 రోజుల ముందు ప్రకటన రావాలి, నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉండాలి. ఆ సారాంశాన్ని కాపరులు, సంఘ పెద్దలు చదివి, చదవలేనివారికి చదివి వినిపించాలి. మన ఊరి శివారులో ఎవరూ పట్టించుకోని పాత గుట్టో, రంగు మారిన కుంటో ఉంటే, ఆ సంగతి రాసి పంచాయతీ ద్వారా కలెక్టరుకు పంపితే, 2025 నిబంధనల కింద పంపే అనుమానిత స్థలాల వివరాల్లో దాన్ని చేర్చమని అడిగినట్టవుతుంది.

తీర్పు దేవుని ఇంటి దగ్గరే మొదలవుతుందని పేతురు రాశాడు. కాబట్టి కర్మాగారాన్ని అడిగే ముందు మన ఆవరణ చూసుకుందాం. మందిరపు జనరేటరు నుంచి తీసిన పాత ఆయిలు ఎక్కడ పోస్తున్నాం? పాడైన బ్యాటరీలు ఎవరికి ఇస్తున్నాం? మన మిషన్ ఆసుపత్రుల సూదులు, కట్లు ఎక్కడికి పోతున్నాయి? మన బడి పిల్లలకు దీని గురించి ఒక్క పాఠమైనా చెప్పామా? ఈ ప్రశ్నలకు జవాబు మన దగ్గర ఉంటే, పెద్ద గేటు ముందు నిలబడి అడిగేటప్పుడు మన మాట వణకదు.

తారు బురదను చేత్తో ఎత్తే కాంట్రాక్టు కూలీలను, పాతినప కొట్లో తుప్పు దుమ్ము పీల్చే మనుషులను ఆదివారం ప్రార్థనలో తలుచుకుందాం. మష్టును అందరికన్నా ముందు ముట్టుకునేది వాళ్ళ చేతులే. వాళ్ళకు చేతి తొడుగులు, ముక్కుకు ముసుగు, ఏడాదికొకసారి రక్త పరీక్ష అడగడం కూడా ప్రార్థనలో భాగమే.

లేవీయకాండములోని ఆ యాజకుడు బలిపీఠం దగ్గర అందరూ చూస్తుండగా పరిచర్య చేసినవాడే. అగ్ని ఆరి, జనం ఇళ్ళకు వెళ్ళిపోయాక, బట్టలు మార్చుకుని బూడిద తట్ట మోసుకుంటూ పాళెం వెలుపలికి నడిచాడు. దేవుడు ఆ నడకను కూడా ఆరాధన నియమాల్లోనే రాయించాడు. వచ్చేసారి మన మందిరపు పునాదిలో ఊచలు దింపి, కాపరి ప్రార్థనకు నిలబడినప్పుడు, ఆ ఉక్కు కోసం కృతజ్ఞత చెప్పాక దాని మష్టు ఎక్కడ ఉందో కూడా ఒక్క మాట అడుగుదాం. ఆ ప్రశ్న అడిగే సంఘాలు ఊరూరా ఉంటే, గేటుకూ గోతికీ మధ్య దారి ఇంత చీకటిగా ఉండదు.